ఇత్తడి లోపలి గాడి

నింపిన చెయ్యి తీర్పు చెప్పకూడదని కంగాస్ వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఒక మాట ఉంది. పేలిన తూటాల ఖాళీ గొట్టాలను ఏరి తెచ్చి, శుభ్రం చేసి, అచ్చులో నొక్కి, కొత్త క్యాపు, కొత్త మందు, కొత్త గుండు పెట్టి మళ్ళీ తూటా చెయ్యడం ఒకరి పని. ఏ గొట్టం ఇంకోసారి మంటకు తట్టుకుంటుందో, దేనికి ఇక సెలవు ఇవ్వాలో చూసి చెప్పడం మరొకరి పని. కాకిపిల్ల కాకికి ముద్దు. తన చేతిలో నాలుగుసార్లు నిగనిగలాడిన ఇత్తడిని పనికిరాదని పారెయ్యడానికి ఎవరికైనా చెయ్యి రాదు.

ఇన్నాళ్ళూ నింపేది కూతురు సెన్యా, చూసేది తండ్రి వెర్న్. ఈ నవంబరులో వెర్న్‌కు కలప లారీ మీద తెరిపి లేకుండా పని తగిలింది. పదిహేనో తేదీన జింకల వేట మొదలవుతుంది. అందుకని ఓ ఆదివారం పొద్దున కాఫీలో యాలకుల రొట్టె ముంచుకుంటూ, "ఈసారి గొట్టాలు డోరీన్ చూస్తుందిలే" అనేశాడు.

ఎదురుగా కూర్చున్న భార్య డోరీన్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. "నేనా? నాకేం తెలుసని?"

"రోజూ ఊరందరి నోళ్ళలో కొక్కెం పెట్టి కెలికేది ఎవరు? పంటిలో పుచ్చు పట్టుకునేదానివి ఇత్తడిలో పట్టుకోలేవా? పైగా ఇత్తడి నయం. అమ్మో అయ్యో అనదు, నీ వేలు కొరకదు."

తన జోకుకు తనే నవ్వుకున్నాడు వెర్న్. సెన్యా తల ఎత్తలేదు. కప్పులో చెంచా తిప్పుతూనే ఉంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

వెర్న్‌ను పెళ్ళి చేసుకుని డోరీన్ ఈ ఇంటికి వచ్చింది ఏప్రిల్‌లో, మంచు ఇంకా పూర్తిగా కరగకముందు. ఆమెది పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే. ఊళ్ళోని పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం. సెన్యా కన్నతల్లి చాలా ఏళ్ళ కిందటే విడిపోయి మిల్వాకీలో వేరే కాపురం పెట్టుకుంది. పదిహేనేళ్ళ సెన్యా కొత్తగా వచ్చినామెతో ఏనాడూ దురుసుగా మాట్లాడలేదు. దురుసుగా అయినా మాట్లాడితే బాగుండునని డోరీన్‌కు అనిపించేది. "మీకు ఉత్తరం వచ్చింది", "మీ కారు అద్దం దించి ఉంది" - అంతే. మాటకు ముందు పిలుపు ఉండేది కాదు. డోరీన్ అనీ అనేది కాదు, ఇంకేదీ అనేది కాదు.

బడిలోనూ అంతేనట. టీచరు పేరు పెట్టి అడిగితే తప్ప నోరు విప్పదట. కానీ నేలమాళిగలో తూటాల బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం ఆ పిల్ల వేరే మనిషి. మందు తూచే త్రాసు గురించి, అచ్చు గురించి, తండ్రికి ఎదురుచెప్పి మరీ గలగలా మాట్లాడేది. బట్టలు ఉతకడానికి దిగబోయి డోరీన్ ఎన్నోసార్లు మెట్ల మీదే నిలబడిపోయింది, ఆ గొంతు ఇంకాసేపు వినాలని. తను అడుగు పెడితే అది ఆగిపోతుందని తెలుసు.

ఆ బల్ల దగ్గరికి తనకు పిలుపు రావాలని ఆమె కోరుకున్న మాట నిజం. అయితే ఆ పిలుపు పిల్ల నోటి నుంచి రావాలనుకుంది. ఇలా తండ్రి ఆజ్ఞలా కాదు.

మధ్యాహ్నం ఇద్దరూ కిందికి దిగారు. సెన్యా ఒక డబ్బా మూత తీసింది. లోపల ఇత్తడి గొట్టాలు పెళ్ళివారి గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

"ఇవి నాన్న రైఫిల్‌వి. అది పాత బ్రిటిష్ సైన్యం రైఫిల్. తూటా కూర్చునే చోటు కాస్త వదులు. అందుకని పేలినప్పుడు గొట్టం సాగుతుంది." సెన్యా కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. "సాగినప్పుడల్లా అడుక్కి కాస్త పైన లోపలి గోడ పలచబడుతుంది. ముదిరితే బయట ఉంగరంలా మెరుస్తూ గీత పడుతుంది. అది కనబడితే తీసెయ్యాలి."

"కనబడకపోతే?"

"లోపలికి కొక్కెం దింపి గోడ మీద గీకుతూ రావాలి. గాడి ఉంటే తగులుతుంది."

"గాడి ఉన్నదాన్ని తెలియక వాడేస్తే?"

"అడుగు ఊడిపోతుంది. మంట వెనక్కి తన్నుతుంది."

"వెనక్కంటే?"

"మొహం ఉండే వైపు." డబ్బా మూత మీద మార్కరుతో గీసిన మూడు గీతలు చూపించింది. "ఇవి మూడుసార్లే పేలాయి. నాన్న ఐదు దాకా పరవాలేదన్నాడు. అన్నీ నేను చూసి పెట్టినవే. మీరు ఊరికే ఒకసారి చూస్తే చాలు."

ఆ 'ఊరికే'లో ఎంత ఉందో డోరీన్‌కు అర్థమైంది. ఆమె కోటు జేబులోంచి తన కొక్కెం తీసింది. క్లినిక్‌లో పాతబడిపోతే ఇంటికి తెచ్చుకున్నది, సూదికన్నా సన్నని మొన. ఒక గొట్టం తీసుకుని లోపలికి దింపి, అడుగు నుంచి గోడ వెంట పైకి లాగింది. మొన ఒకచోట చిన్నగా తగిలి ఆగింది. ఇంకోసారి లాగింది. మళ్ళీ అక్కడే.

"ఇక్కడ ఏదో తగులుతోంది."

సెన్యా మొహంలో రంగు మారింది. "ఎలా? అది నేను రెండుసార్లు చూశాను."

"ఏమో మరి, తగులుతోంది."

సెన్యా ఆ గొట్టం అందుకుంది. బల్ల అంచునున్న వైసు పట్టులో బిగించింది. సన్నపళ్ళ ఇనుపరంపం తీసి నిలువునా కోసింది. ఇత్తడి పొడి ఆమె వేళ్ళ మీద బంగారు రజనులా రాలింది. రెండు బద్దలు చేసి, ఒకటి దీపం కింద పెట్టింది. గోడ నున్నగా ఉంది. అడుగు దగ్గర మాత్రం కాస్త మందమెక్కి, చిన్న గట్టులా పైకి లేచింది.

"ఇది ప్రతి గొట్టానికీ ఉంటుంది. అడుగు మందం మొదలయ్యే చోటు" అంది సెన్యా. గొంతులో కోపం లేదు, వెక్కిరింతా లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. "మంచిదాన్ని కోసేశాం."

డోరీన్ చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్ళ చేతి అనుభవం ఒక చిన్న గట్టు దగ్గర బోర్లాపడింది. తరవాత ఒక్కొక్క గొట్టం తీసుకుంటూ, కొక్కెం దింపుతూ, తీస్తూ, "బాగుంది" అంటూ పోయింది. "బాగుంది. ఇదీ బాగుంది."

మధ్యలో ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. ఇది గట్టు కాదేమో అనిపించింది. తల ఎత్తి చూస్తే సెన్యా తన మొహంకేసే చూస్తోంది, దవడ బిగించి, ఇంకో మంచి గొట్టం రంపం కిందికి పోతుందేమోనని.

"బాగుంది" అంది డోరీన్.

అన్నీ అయ్యాక డబ్బా తన వైపు లాక్కుంటూ సెన్యా "థాంక్స్" అంది. చిన్నగా నవ్వింది కూడా. ఆ నవ్వు పట్టుకుని డోరీన్ మెట్లెక్కి, వంటింట్లో నిలబడి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. సంతోషంగా ఉండాల్సిన మనసు ఎందుకో ఉండలేదు.

పధ్నాలుగో తేదీ పొద్దున్నే వెర్న్, అతని అన్న ఒన్నీ అడవిలోని తమ గుడిసెకు బయల్దేరిపోయారు. దుప్పట్లు, కాఫీ కెటిల్, రైఫిళ్ళు, సెన్యా నింపిన తూటాల పెట్టె, అన్నీ ట్రక్కులోకి ఎక్కాయి. "సాయంత్రం వెలుగుండగానే రెండు మూడు పేల్చి గురి సరిచూసుకుంటాం. తెల్లారితే వేటే" అన్నాడు వెర్న్ డోరీన్ బుగ్గ మీద ముద్దు పెడుతూ.

వేట ముందురోజు ఊళ్ళో సగం మగాళ్ళు అడవిలోనే ఉంటారు. పళ్ళ డాక్టరు కూడా మధ్యాహ్నానికే క్లినిక్ మూసేస్తాడు. చివరిగా వచ్చిన ముసలావిడ దవడ పన్ను మీద డోరీన్ కొక్కెం పెట్టి నెమ్మదిగా జరుపుతోంది. మొన ఒకచోట కిందికి దిగింది. దిగి, పట్టుకుని, బయటికి రానంది.

"ఇక్కడ నొప్పి ఉందా అండీ?"

"అబ్బే, ఏం లేదమ్మా. బంగారంలా ఉంది ఆ పన్ను."

డోరీన్ చెయ్యి అలాగే ఉండిపోయింది. పన్ను గురించి కాదు. వేలికి ఆ పట్టు ఎక్కడో తగిలినట్టే ఉంది. ఎక్కడో కాదు, మొన్న ఆదివారం, నేలమాళిగలో.

ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా కిందికి దిగింది. గుండ్లు చాలక సెన్యా నింపకుండా వదిలేసిన గొట్టాలు అదే డబ్బాలో కొన్ని మిగిలి ఉన్నాయి. అరలోంచి ఇంకా ఒక్కసారీ పేలని కొత్త గొట్టం ఒకటి తీసి, ముందు దాంట్లో కొక్కెం దింపింది. ఆరోగ్యంగా ఉన్నది ఎలా ఉంటుందో చెయ్యికి తెలియాలి ముందు. ఆ రోజు చెయ్యాల్సిన పని అదే. కొత్తదాంట్లో మొన అడుగు నుంచి బయల్దేరి, గట్టు దిగి, నున్నటి గోడ మీదికి వచ్చేసింది. పదేపదే లాగింది, చెయ్యి దానికి అలవాటు పడేదాకా. అప్పుడు డబ్బాలోది ఒకటి తీసుకుంది. గట్టు దిగింది. ఆ తరవాత గోడ ఉండాల్సిన చోట మొన సన్నటి గుంటలో పడి, ఆగి, మళ్ళీ పైకి లేచింది.

గట్టు దిగడం వేరు. పడి లేవడం వేరు.

బస్సు దిగి సెన్యా ఇంట్లోకి వచ్చేసరికి డోరీన్ మెట్ల మొదట్లో నిలబడి ఉంది.

"సెన్యా, ఒకసారి కిందికి రా."

"ఏంటి?"

"గొట్టాల్లో గాడి ఉంది."

సెన్యా సంచీ భుజం మీంచి దించలేదు. "మళ్ళీనా?"

"మళ్ళీనే."

"మూడుసార్లే పేలాయి అవి. ఆ రోజు మీరే బాగున్నాయన్నారు."

"అన్నాను" అంది డోరీన్. చెప్పకుండా ఉండటానికి ఇది ఆఖరి మెట్టు. ఇక్కడ ఆగితే ఆ చిన్న నవ్వు తనకు మిగులుతుంది. "ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగింది. నీ మొహం చూసి బాగుందన్నాను. నీకు కోపం వస్తుందని."

సెన్యా సంచీ కింద పడేసింది. "మరి నాన్న మొహం గుర్తు రాలేదా మీకు?"

ఆ మాట డోరీన్‌కు తగలాల్సిన చోటే తగిలింది. తప్పించుకోవాలని చూడలేదు. "రాలేదు. ఇప్పుడు వచ్చింది. రంపం తీసుకో."

"ఈసారీ మంచిదైతే?"

"మంచిదైతే ఇక ఈ మెట్లు దిగను. బట్టలు కూడా నువ్వే ఉతుక్కుందువుగాని."

సెన్యా కోసింది. రంపం సగానికి వచ్చేసరికే చెయ్యి నెమ్మదించింది. రెండు బద్దలూ విడదీసి దీపం కిందికి తెచ్చింది. ఇద్దరూ తలలు దగ్గరగా వంచి చూశారు. గట్టుకు కాస్త పైన గోడ చుట్టూ ఒక గాడి, ఎవరో గోటితో గీరినట్టు. అక్కడ ఇత్తడి కోడిగుడ్డు పెంకంత పలచగా మిగిలింది. సెన్యా బొటనవేలితో నొక్కింది. బద్ద అక్కడే పుటుక్కున విరిగింది.

"బయట ఉంగరం లేదు" అంది సెన్యా, తనలో తను అనుకున్నట్టు. "నేను చూశాను. నిజంగా చూశాను. లేదు."

"వీటికి మెరుగు ఎంతసేపు పెట్టావు?"

"అక్రోటు పెంకుల పొడితో మెరుగుపెట్టే మిషన్లో వేసి రాత్రంతా తిప్పాను." ఆమె కళ్ళు నిండాయి. "నాన్నకి మెరిసేవంటే ఇష్టం."

ఆ మెరుగే గీతను కప్పేసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఒకేసారి గోడ గడియారం వైపు చూశారు.

గుడిసెలో ఫోను లేదు. డోరీన్ కారు తాళాలు తీసింది. సెన్యా మిగిలిన గొట్టాలు, కోసిన బద్దలు ఒక కాఫీ డబ్బాలో వేసుకుని గుండెలకు హత్తుకుని కూర్చుంది. ఊరు దాటాక తారురోడ్డు పోయి మట్టిరోడ్డు వచ్చింది. సన్నగా మంచు పడుతోంది. రోడ్డు పక్క ఎక్కడ చూసినా ఆగి ఉన్న ట్రక్కులే.

"పెద్దనాన్న నవ్వుతాడు" అంది సెన్యా హఠాత్తుగా. "ఏడాదంతా చెప్పుకుంటాడు. చర్చిలో కూడా చెబుతాడు."

"నామీద వెయ్యి. డబ్బాలు నేనే తారుమారు చేశానని చెబుతాను. నన్ను చూసి నవ్వుకోనీ. గ్రీన్ బే వాళ్ళు పుట్టిందే నవ్వించడానికని ఆయనకు ఎలాగూ గట్టి నమ్మకం."

సెన్యా పెదవి చివర కదిలింది. అవునని అనలేదు, వద్దనీ అనలేదు. కిటికీ వైపు తిరిగింది.

గుడిసె దారిలోకి మళ్ళుతుండగా చెట్ల వెనక ఒక తుపాకీ పేలింది.

డోరీన్ కాలు దానంతట అదే యాక్సిలరేటర్‌ను నొక్కింది. కారు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. సెన్యా ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో డోరీన్ కోటు చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకు తెలియదు. డోరీన్ హారన్ మీద చెయ్యి పెట్టి మరి తియ్యలేదు.

గుడిసె ముందు ఒన్నీ రైఫిల్ దించుకుని నిలబడి ఉన్నాడు. దూరంగా చెట్టు మొద్దుకు కొట్టిన కాగితం పళ్ళెంలో ఒక చిల్లు. పక్కనే మడిచిన దుప్పటి మీద బోర్లా పడుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వెర్న్. రైఫిల్ భుజానికి ఆన్చి ఉంది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని కారు వైపు చూశారు.

"ఆగు వెర్న్!" డోరీన్ తలుపు తీసుకుని సగం బయటికి వచ్చి అరిచింది. "పేల్చకు!"

వెర్న్ లేచి నిలబడ్డాడు. "ఏమైంది? ఇల్లు తగలబడిందా?"

"చూశావురా తమ్ముడూ" అన్నాడు ఒన్నీ గడ్డం గోక్కుంటూ. "పెళ్ళయి ఏడాది కాలేదు, వేటక్కూడా ఒంటరిగా వదలట్లేదు నిన్ను. హారన్ కొట్టి అడవిలో ఉన్న జింకలన్నిటినీ విస్కాన్సిన్‌కి తోలేసింది. అమ్మా డోరీన్, తినడానికి మాంసం కూరిన పాస్టీలైనా తెచ్చావా? లేకపోతే వచ్చిన దారినే వెనక్కి పో."

సెన్యా కారు తలుపు పక్కనే నిలబడిపోయింది. కాఫీ డబ్బా పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. నోరు తెరిచింది, మాట రాలేదు. బడిలో ఎలా ఉంటుందో డోరీన్ ఎన్నడూ చూడలేదు కానీ, ఇలాగే ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

"వెర్న్, నా వల్ల ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టింది డోరీన్. "ఆ డబ్బాలు నేను..."

"కాదు."

చిన్న గొంతే. కానీ అందరికీ వినిపించింది.

"ఆవిడ అబద్ధం చెబుతోంది నాన్నా. ఆ గొట్టాలు పాడైపోయాయి. నేనే చూసి, బాగున్నాయని పెట్టాను. ఆవిడ పట్టుకుంది. వాటిని పేల్చకు."

వెర్న్ ముందు రైఫిల్ గడియ వెనక్కి లాగి, లోపలున్న తూటా తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చి డబ్బాలోంచి కోసిన బద్ద తీసి, ఆకాశం వెలుగుకేసి ఎత్తి చూశాడు. ఒన్నీ నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు, మెడ చాచి తనూ చూశాడు. నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"ఒరేయ్" అన్నాడు.

"మూడుసార్లకే ఇలా అవదే" అన్నాడు వెర్న్. "అచ్చు ఎంత బిగించావు తల్లీ?"

"నువ్వు చెప్పినంతే. పెద్దనాన్న రైఫిల్లో కూడా పట్టాలి, ఇక తిరగనంత దాకా బిగించు అన్నావుగా."

వెర్న్ బద్దను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. అన్నదమ్ములిద్దరివీ ఒకే రకం రైఫిళ్ళు. కానీ తూటా కూర్చునే చోటు ఒన్నీదాంట్లో బిగుతు, వెర్న్‌దాంట్లో వదులు. అడవిలో ఒకరికి తూటాలు అయిపోతే రెండోవాడివి పనికిరావాలని, బిగుతుదానికి సరిపోయేలా అన్నీ నొక్కించాడు. అలా నొక్కిన ప్రతి గొట్టం వెర్న్ రైఫిల్లో పేలినప్పుడల్లా మామూలుకన్నా మరింత సాగింది. అన్నమీది ప్రేమ కొద్దీ ఇత్తడి ప్రాణం తీశాడన్నమాట.

"నేనే చేశాను ఇది" అన్నాడు మెల్లగా.

"అంటే ఏంటి, తప్పు నాదంటావా?" అన్నాడు ఒన్నీ.

"నీది కాదు, నీ రైఫిల్‌ది."

"నా రైఫిల్ జోలికి రాకు. నన్ను ఎన్నైనా అను, పడతాను."

"సరే అన్నయ్యా, నిన్నే అంటాను."

సెన్యా ముక్కు ఎగబీల్చింది. వెర్న్ చెయ్యి చాచి కూతురి టోపీ మీద పెట్టి, ఓసారి కిందికి కళ్ళమీదికి లాగి వదిలేశాడు. "పట్టుకున్నది ఎవరన్నావు?"

"డోరీన్" అంది సెన్యా.

ఆ పేరు ఆ పిల్ల నోటి నుంచి రావడం డోరీన్ వినడం అదే మొదలు. మెచ్చుకోలుగా వచ్చిన ఆ పేరును అలా ఉంచేసుకోవాలనిపించింది. కానీ ఊరుకుంటే అది దొంగసొమ్ము అవుతుంది. "ముందే పట్టుకున్నాను వెర్న్. ఆదివారమే. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని వదిలేశాను."

వెర్న్ భార్యను చూశాడు, కూతురిని చూశాడు, చేతిలో తూటాను చూశాడు. "బాగుంది. తాత మాటని ఒకరు కాదు, ముగ్గురం కలిసి తొక్కేశాం. ఆయన ఉంటే ముగ్గురినీ మంచులో నిలబెట్టేవాడు." తూటాల పెట్టె తెచ్చి కారు వెనకసీట్లో పెట్టాడు. "ఒక్కటి కూడా ఉంచుకోను. ఇంటికి తీసుకెళ్ళి విప్పేద్దాం. అన్నయ్యా, నీ దగ్గర కొట్లో కొన్నవి ఉన్నాయిగా, ఇటు పడెయ్."

"అడుక్కో. సరిగ్గా అడుక్కో."

"ఒన్నీ పెద్దవారూ, దయచేసి..."

"ఆఁ, ఇంకాస్త వంగు."

వాళ్ళు అలా దెప్పుకుంటూ ఉండగానే డోరీన్ గుడిసెలోకి వెళ్ళి పొయ్యిలో ఇంకో దుంగ వేసింది. బయటి వెలుగు కిటికీ దగ్గరే ఆగిపోయింది. బల్ల మీది లాంతరు వెలిగించి, దాని పక్కన కూలబడింది.

తలుపు చప్పుడైంది. సెన్యా వచ్చి ఎదురుగా కూర్చుని, కాఫీ డబ్బాలోని గొట్టాలు బల్ల మీద బోర్లించింది. కాసేపు వాటిని వరసగా నిలబెడుతూ ఉంది.

"కొక్కెం తెచ్చావా?" అంది.

డోరీన్ జేబు తడిమి తీసింది.

"నీకు ఎలా తెలిసిందో చూపించు. మాటల్లో కాదు, నా చెయ్యి పట్టుకుని చూపించు."

డోరీన్ లేచి ఆమె వెనక్కి వెళ్ళింది. క్లినిక్‌లో కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు పట్టుకున్నట్టే, ఆ సన్నని చేతి మీద తన చెయ్యి వేసింది. ఇత్తడి పొడి వాసన, మంచు తడి వాసన, పిల్ల జుట్టులో సబ్బు వాసన. "అంత గట్టిగా పట్టుకోకు. గట్టిగా పట్టుకుంటే అది నీకేమీ చెప్పదు. పడిపోతుందేమో అన్నంత వదులుగా పట్టుకో. ఆఁ, అంతే. ఇప్పుడు కిందనుంచి పైకి."

మొన గట్టు దిగింది. గాడిలో పడింది. సెన్యా ఊపిరి బిగబట్టడం డోరీన్ గుండెకు తగిలింది.

"అబ్బా" అంది సెన్యా. "ఇంతేనా? ఇంత చిన్నదా?"

"ఇంతే."

"ఇంకోటి."

గాడి ఉన్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు పోతున్నాయి. కాసేపటికి డోరీన్ చెయ్యి తీసేసి పక్కన కూర్చుంది. సెన్యా ఒక్కతే చూస్తోంది, నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుని. బయట ఒన్నీ ఏదో అన్నాడు, వెర్న్ పడీపడీ నవ్వుతున్నాడు. ఆకలేస్తోందనీ, పాస్టీలు తేకుండా వచ్చినవాళ్ళకు వంట చేసే శిక్ష పడుతుందనీ గోడ అవతలి నుంచి కేక వినిపించింది.

చివరి గొట్టం దగ్గర సెన్యా చాలాసేపు ఆగింది. "ఇది బాగుంది" అని డోరీన్‌కు అందించింది. "నువ్వు చూడు. నింపేది నేనే కదా."

డోరీన్ చూసింది. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు లాగి చూసింది. గాడి అనడానికి లేదు. కాదనడానికీ మనసు రావడం లేదు. "ఏమో సెన్యా. తేల్చి చెప్పలేను. నాకు అనుమానంగా ఉంది." ఆగి, "ఇంటికెళ్ళాక రంపంతో కోసి చూద్దామా?" అంది.

"అక్కర్లేదు" అంది సెన్యా. "నీకు అనుమానం ఉంటే చాలు."

సెన్యా గుడిసె అరలో ఉన్న ఒన్నీ పటకారు తీసుకుని, గొట్టం మూతిని దాని దవడల మధ్య పెట్టి, ఇంకెవరూ తీసి వాడకుండా, మెల్లగా నొక్కి చదును చేసింది.